మిస్డ్ కాల్ సంసారం

లక్ష్మణమ్మ ఒంటిసబ్బుని దారంతో నాలుగు ముక్కలు కోస్తుంది. ఒక ముక్క బయట పెట్టి, మిగతా మూడూ ట్రంకుపెట్టెలో దాచి తాళం వేస్తుంది. సబ్బుకి తాళమేమిటని పేటంతా నవ్వింది. నవ్వేవాళ్లకేం, వాళ్ల మొగుళ్ల జీతాలు సగానికి తెగలేదు కదా!

ఆమె మొగుడు గంగులు గుజరాత్‌లో వెరావల్ పోయి బోట్ల మీద వేట చేస్తాడు. ఆ ఏడు చేప సరిగా పడలేదని ఓనరు జీతం సగం చేసేశాడు. అప్పట్నుంచి ఇంట్లో ఒకసారి పెట్టిన పులుసు మూడు రోజులు సాగేది. మొదటి రోజు అందులో ఎండుచేప ఉండేది, రెండో రోజు వాసన ఉండేది. మూడో రోజు కూతురు గౌరి జ్ఞాపకంతో తినేది.

అన్నిటికన్నా ఘనమైన పొదుపు ఫోనుది. బోటు వేటకెళితే ఇరవై రోజులకి గాని ఒడ్డుకి రాదు. రాగానే గంగులు ఒక్క రింగు ఇచ్చి పెట్టేయాలి, క్షేమంగా వచ్చాడని గుర్తు. రెండు రింగులైతే డబ్బు పంపాడని. ఎత్తడం మాత్రం నేరం. ఓసారి గౌరి నాన్న మీద బెంగతో ఎత్తేస్తే లక్ష్మణమ్మ రెండు రోజులు దాంతో మాట్లాడలేదు. మాటలకీ ఖర్చవుతుందనుకుందో ఏమో!

ఈసారి ఇరవై రోజులు దాటిపోయినా రింగు రాలేదు. అటు సముద్రంలో గాలి రేగిందని టీవీలో చెప్పారు. తనే చేద్దామంటే ఫోన్లో ఆరు నెలలుగా బ్యాలెన్సే లేదు. వేయించొద్దన్నది తనే మరి. ఆవిడ గుమ్మంలోకీ ఫోను దగ్గరికీ తిరుగుతూనే ఉంది. పులుసు మాడిపోయింది. పట్టపగలు లైటు వెలుగుతూనే ఉంది, అయినా ఆర్పమనలేదు. చివరికి జగన్నాధం కొట్టుకెళ్లి పది రూపాయలు రీచార్జి చేయించింది. జగన్నాధం కళ్లజోడు సర్దుకుని మరీ చూశాడు, వచ్చింది లక్ష్మణమ్మేనా అని. ఎన్నిసార్లు నొక్కినా గంగులు ఫోను స్విచాఫ్.

మర్నాడు మధ్యాహ్నం ఫోను మోగింది. ఒక్కటే రింగు. ఆగిపోయింది.

లెక్కప్రకారం అక్కడితో సరి. లక్ష్మణమ్మ మాత్రం తిరిగి ఆ నంబరు నొక్కింది.

"ఏటే, రింగు అందనేదా?" అన్నాడు గంగులు.

"అందినాది. మాటాడు మావా."

"డబ్బులు కాలిపోతన్నాయే!"

"కాలనీ. నువ్వు మాటాడు."

"ఏటి మాటాడను?"

"ఏదో ఒకటి. ఏటి తిన్నావో సెప్పు."

గంగులు ముందు ఇంజిను ఆగిపోయిన సంగతి ఎత్తుకున్నాడు. ఇంకో బోటు తాడు కట్టి వీళ్లని లాక్కొచ్చిన వైనం చెబుతుండగానే బ్యాలెన్సు అయిపోయి లైను తెగింది.

లక్ష్మణమ్మ గోడకి చేరబడి భోరుమని ఏడ్చింది. గౌరి పక్కన కూర్చుని, "రూలు తప్పీసినావమ్మా," అంది.

"రేపట్నుంచి టీలో పంచదార ఉండదు, సెప్పీస్తన్నాను," అని కళ్లు తుడుచుకుని ఫోను కూతురి చేతిలో పెట్టింది. "ఎల్లి ఇంకో పది ఏయించుకురా. ఏటి తిన్నాడో మీ నాన్న ఇంకా సెప్పనేదు."