ఎడమకు లాగే జాయ్‌స్టిక్

సోబరి చొక్కాలన్నీ కుడి చంకలోనే పిగిలేవి. ఎడమ చంక కొత్త పెళ్ళికొడుకులా ఉండేది, కుడిది మాత్రం నోరు తెరుచుకునేది. ఒకప్పుడు ఆరు నెలలకొకసారి పిగిలితే, ఆ ఏడాది నెలనెలా పిగలడం మొదలైంది. పిగిలినప్పుడల్లా కుట్టి ఇచ్చేది మా సందు చివర కుట్టుమిషన్ పెట్టుకున్న యుయున్.

"ఈ చేత్తో ఏం ఈడుస్తారు మాంగ్ ఇంతలా?" అని ఒకసారి అడిగింది. మా వైపు బాబాయ్‌ని మాంగ్ అంటారు.

"విమానాన్ని" అన్నాడు సోబరి, గెడ్డం కాస్త పైకెత్తి.

అబద్ధమేం కాదు. ఇరవై రెండేళ్ళు మా ఊరు బాండుంగ్ విమానాశ్రయంలో రన్‌వే పక్కన గడ్డి కోసిన మనిషి సోబరి. విమానం దిగినప్పుడల్లా ఆ గాలికి అతని టోపీ ఎగిరిపోయేది. టోపీ ఏరుకుంటూ, తోక కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడేవాడు. ఇన్ని విమానాలు నెత్తిమీంచి పోయినా ఒక్కదానిలోనూ కాలు పెట్టలేదు. ఆ బెంగ ఎలా తీరుతుంది? ఒక ఆదివారం జటాయు సంతలో, తుప్పు తాళాలకూ ఎవరివో కళ్ళజోళ్ళకూ మధ్య, ఒక నల్లటి జాయ్‌స్టిక్ కనిపించింది. "పాడైంది మాంగ్ అది, తర్వాత నన్ననొద్దు" అని అమ్మేవాడే చెప్పాడు. అయినా సోబరి దాన్ని చంకలో పెట్టుకుని తెచ్చుకున్నాడు.

మా సందుకు పెద్దమనిషి అయిన హమీద్‌కు ఇంటి ముందు గదిలో ఒక నెట్ సెంటర్ ఉండేది. ఎనిమిది కంప్యూటర్లు. వాటిలో ఒకరినొకరు కూల్చుకునే పాత విమానాల ఆట ఉండేది: పైకి లేవాలి, శత్రువును కూల్చాలి, మళ్ళీ భద్రంగా దిగాలి. సోబరి రోజూ గడ్డి కోసి వచ్చి, స్నానం చేసి, తల దువ్వుకుని మరీ ఆరో నంబరు ముందు కూర్చునేవాడు. కూల్చడంలో ఫరవాలేదు. దించడంలో మాత్రం అతనికి అతనే సాటి. పసిబిడ్డను ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు దించేవాడు. సందులో పిల్లలు అతని కుర్చీ వెనక గుంపుగా నిలబడి, చక్రాలు నేలను తాకగానే ఊపిరి వదిలేవాళ్ళు. అతనికి కెప్టెన్ అని పేరు పెట్టింది కూడా వాళ్ళే. ఆ పేరు వినబడితే చాలు, గడ్డి కోసిన నడుం నొప్పి ఎటు పోయేదో పోయేది.

ఆ జాయ్‌స్టిక్‌కు ఒక జబ్బుంది. లోపలి స్ప్రింగు ఒకవైపు చచ్చుబడింది. చెయ్యి వదిలితే విమానం ఎడమకు ఒరిగిపోతుంది. అందుకని సోబరి దాన్ని ఎప్పుడూ కుడికి నెట్టి పట్టుకునేవాడు. మొదట్లో గుర్తుపెట్టుకుని నెట్టేవాడు, పోనుపోను ఆ పని చెయ్యే చూసుకుంది. ఈ సంగతి ఇంకో ప్రాణికి తెలియదు, ఎందుకంటే దాన్ని అతను ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

అంతా సవ్యంగా సాగుతుండగా యుయున్ వచ్చి పడింది. రవికెల మీద కుట్టడానికి పూల డిజైన్లు దించుకుందామని నెట్ సెంటర్‌కు వచ్చి, అవి ఎంతకీ దిగకపోతే, ఊరికే కూర్చోలేక తన కంప్యూటర్‌లో ఆ ఆట తెరిచింది. జాయ్‌స్టిక్ లేదు, ఏమీ లేదు. కుడిచేతిలో మౌస్, ఎడమచేతి వేళ్ళు కీబోర్డు మీద. మౌస్‌తో ఎటు చూపిస్తే విమానం అటు తిరుగుతుంది. సూదిలో దారం ఎక్కించే మనిషికి గురి పెట్టడం ఒక లెక్కా? నెల తిరక్కుండానే సోబరి వెనక నుంచి వచ్చి అతన్ని కూల్చేసింది. మర్నాడు మళ్ళీ కూల్చింది. ఆ మర్నాడు రెండుసార్లు.

"అది ఎగరడం కాదు నెంగ్" అన్నాడు సోబరి, అమ్మాయీ అన్నట్టు పిలిచి, నొప్పి కనబడనీయకుండా. "వేలు చూపించి, నువ్వే పోయిరా అని విమానాన్ని పంపడం. పైలెట్ అన్నాక చేతిలో కర్ర ఉండాలి."

"కర్ర చేతిలో ఉంటే గొర్రెలు కూడా కాసుకోవచ్చు మాంగ్" అంది యుయున్, తెర మీంచి చూపు తిప్పకుండా.

పిల్లలు పడీ పడీ నవ్వారు. సోబరి కూడా నవ్వాడు గానీ, ఆ మాట ముల్లులా లోపల ఉండిపోయింది.

అప్పటినుంచి అతనికి తిండి సయించలేదు. తన కుర్చీ వెనక ఎంతమంది, ఆమె కుర్చీ వెనక ఎంతమంది అని ఓరకంట చూసుకునేవాడు. ఆమె వెనక ఏడుగురు. తన వెనక ఇద్దరు, అందులో ఒకడు నిలబడి కునుకు తీస్తున్నాడు. ఆమె రెండు చేతులూ ఖాళీ ఉండవు కాబట్టి పిల్లలు తేహ్, అంటే అక్కా, అని పిలుస్తూ బాలాబాలా పకోడీలు తుంచి ఆమె నోట్లో పెట్టేవాళ్ళు. ఇది మరీ దారుణం. ఇన్నేళ్ళుగా ఆ పిల్లలకు వేడి వేడి పకోడీలు కొని తెచ్చింది తనే కదా, ఒక్కడైనా ఒక్క ముక్క తన నోట్లో పెట్టిన పాపాన పోయాడా? మౌస్ టిక్కుమన్నప్పుడల్లా అతనికి ఎవరో నెత్తిమీద మొట్టినట్టుండేది.

"ఆవిడంటే అంత కుళ్ళయితే చొక్కాలు ఇంకెక్కడైనా కుట్టించుకోండి" అంది భార్య ఎంతిన్.

"ఈ సందులో ఇంకో కుట్టుమిషన్ ఏదీ?"

"పోనీ చొక్కా లేకుండా ఎగరండి. మీ జాయ్‌స్టిక్‌కు సిగ్గెందుకు?"

ఆగస్టు వచ్చింది. పదిహేడో తేదీ మా దేశ స్వాతంత్ర్య దినానికి మా సందులో ప్రతి ఏడూ పోటీలుంటాయి. గోతం పరుగు, దారానికి వేలాడే అప్పడాన్ని చేతులు కట్టుకుని తినడం, గ్రీజు పూసిన పోకమాను ఎక్కడం. ఆ ఏడు హమీద్ విమానాల పోటీ కూడా పెడదామన్నాడు. పైకి లేచి, ఐదు బెలూన్లు పేల్చి, విరగకుండా దిగాలి. గెలిచినవాళ్ళ పేరు ముందు కెప్టెన్ అని చేర్చి, సందు మొదట్లో ఎరుపు తెలుపు రంగులేసే స్వాగతద్వారం మీద రాయిస్తాడు. మళ్ళీ ఆగస్టు దాకా అది అక్కడే ఉంటుంది.

సోబరి ఆ ద్వారాన్ని తలచుకున్నాడు. ఆ ద్వారం మీద కెప్టెన్ యుయున్ అని ఉంటే, రోజూ దాని కిందనుంచే కదా తను పనికి పోవాలి. ఆ పూట కాఫీ చల్లారిపోయేదాకా ఆలోచించి, సాయంత్రం సమావేశంలో లేచి నిలబడ్డాడు.

"పోటీ అంటే న్యాయంగా ఉండాలి. ఒకరు మౌస్, ఒకరు జాయ్‌స్టిక్ అంటే రేపు గొడవలొస్తాయి. అందరికీ ఒకటే ఉండాలి. కావాలంటే నా జాయ్‌స్టిక్ ఇస్తాను" అన్నాడు.

సమావేశం నివ్వెరపోయింది. తుడవడానికి కూడా ఎవరికీ ఇవ్వని వస్తువు.

"మీది పెద్ద మనసు మాంగ్" అన్నాడు హమీద్.

"నాకు దాంతో అలవాటు లేదే" అంది యుయున్.

"ఇక్కడ ఎవరికుంది నెంగ్? ముందురోజు తలా పది నిమిషాలు పట్టుకుని చూసుకోండి. ఆ తర్వాత అది హమీద్‌గారి బీరువాలో ఉంటుంది. పోటీ అయ్యేదాకా నేను కూడా ముట్టుకోను."

అలా అంటున్నప్పుడు అతనికి తను నిజంగానే మహానుభావుణ్ణనిపించింది. కుళ్ళు ఒక్కోసారి అంత తెల్లటి బట్టలు కట్టుకుని వస్తుంది.

ముందురోజు అందరూ పట్టి చూశారు. కుర్రాళ్ళ విమానాలన్నీ గానుగెద్దుల్లా ఎడమకు తిరిగి తిరిగి కూలిపోయాయి. యుయున్ విమానం కూడా ఎడమకు పోయి నీళ్ళ ట్యాంకును గుద్దుకుంది. ఆమె మళ్ళీ పైకి లేపి, జాయ్‌స్టిక్ మీంచి చెయ్యి తీసి చూసింది. విమానం ఎడమకు ఒరిగింది. చెయ్యి వేసింది, తీసింది. ఆ తర్వాత తలతిప్పి సోబరి వంక చూసింది, మొహం వంక కాదు, కుడి భుజం వంక. సోబరి అదేమీ పట్టించుకోలేదు. ఇంటికి పోయి, నెలల తర్వాత మారు వడ్డించుకుని తిన్నాడు.

పదిహేడున జెండా ఎగిరింది. గోతాలు, అప్పడాలు అయ్యాయి. హమీద్ పెద్ద తెరను సందులోకే తెచ్చి పెట్టాడు. కెప్టెన్ గనుక మొదటి అవకాశం సోబరికిచ్చారు. అతను ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి, జాయ్‌స్టిక్ మీద చెయ్యి వేసి, బండి వదిలాడు.

విమానం లేస్తూనే కుడికి ఒరిగింది.

సోబరి ఉలిక్కిపడి ఎడమకు తిప్పాడు. సర్దుకుంది. సర్దుకుందని చెయ్యి తన పని తాను చేసింది, కుడికి నెట్టింది. మళ్ళీ ఒరిగింది. బెలూన్ల దగ్గర తాగినవాడి నడకలా ఊగి ఊగి రెండే పేల్చాడు. పోనీలే, దిగడంలో చూసుకుందాం అనుకున్నాడు. రన్‌వే ఎదురుగా వచ్చింది, జీవితమంతా చూసిన రన్‌వే. పసిబిడ్డను పడుకోబెట్టాల్సిన ఆ చివరి క్షణంలో చెయ్యి అలవాటు కొద్దీ కుడికి నెట్టింది. కుడి రెక్క నేలను గీరుకుంది. విమానం పల్టీకొట్టి తగలబడింది. చొక్కా చంకలో పర్రుమన్న శబ్దం అతనొక్కడికే వినబడింది.

వెనక నిలబడ్డ పిల్లలు ముందుకు తోసుకొచ్చి తెర వంక చూశారు.

"ఇదేంటి మాంగ్" అన్నాడు హమీద్ నొచ్చుకుంటూ. "తేహ్ యుయున్ నిన్ననే దాన్ని ఇంటికి తీసుకెళ్ళి బాగుచేసి తెచ్చిందే. ఒకవైపు స్ప్రింగు చచ్చిపోయిందట. తన పాత కుట్టుమిషన్ స్ప్రింగు తీసి దీనికి బిగించింది. పైసా పుచ్చుకోలేదు."

సందులో వాళ్ళంతా యుయున్ కోసం చప్పట్లు కొట్టారు. సోబరి కూడా కొట్టాడు. కొట్టక ఏం చేస్తాడు? ఆడలేక మద్దెల ఓడన్నవాణ్ణి ఊరు ఎరుగును. మద్దెల బాగైపోయింది, అందుకే ఆడలేకపోయానని ఏడ్చినవాణ్ణి ఎక్కడైనా చూశారా? నోరు విప్పితే, అది చెడిపోయిందని ముందే తెలుసా అని అడుగుతారు. అక్కడితో మహానుభావుడి బట్టలు ఊడిపోతాయి. "చాలా థాంక్స్ నెంగ్" అన్నాడు. ఆ మూడు మాటలు గొంతులో చేపముళ్ళలా దిగాయి.

యుయున్ నాలుగు బెలూన్లు పేల్చింది. దిగేటప్పుడు విమానం మూడుసార్లు కప్పలా గెంతింది గానీ విరగలేదు. సాయంత్రానికల్లా ద్వారం మీద తెల్లరంగు ఆరకుండానే మెరిసింది: కెప్టెన్ యుయున్.

పది రోజులు సోబరి పక్క సందు నుంచి చుట్టు తిరిగి పనికి పోయాడు. పదకొండో రోజు ఎంతిన్ ఆ పిగిలిన చొక్కాను చేతిలో పెట్టి, మీరే వెళ్ళి కుట్టించుకు రండని తోసింది. యుయున్ అంగడిలో ఎవరూ లేరు. ఆమె చొక్కా తిరగేసి, సూది తీసింది. సోబరి స్టూలు మీద కూర్చున్నాడు. లోపలిది ఇక లోపల దాచుకోలేననిపించింది.

"ఆ రూలు నేను కావాలనే పెట్టించాను" అన్నాడు. "అది ఎడమకు లాగుతుందని నాకు తెలుసు. నువ్వు ఓడాలనే."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"పట్టుకోగానే. మీ చొక్కా కుడివైపే ఎందుకు పిగులుతుందో కూడా అప్పుడే తెలిసింది." ఆమె దారం పళ్ళతో తెంపింది. "స్ప్రింగు మారిస్తే మీరు కుడికి పడతారని కూడా తెలుసు మాంగ్."

సోబరి మనసులో లెక్క వేసుకున్నాడు. తను చేసిన కుట్రకు ఒక రాత్రి సుఖంగా తిన్న తిండి తప్ప దక్కిందేమీ లేదు. ఈవిడ చేసిన కుట్రకు ఊరంతా చప్పట్లు కొట్టింది, తను కూడా కొట్టాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడంటే ఇదే.

"నీకేం తక్కువైంది నెంగ్? పిల్లలందరూ నీ వెనకే కదా."

"నా వెనకే. కానీ అంతమందిని కూల్చినా నన్ను తేహ్ యుయున్ అనే పిలిచేవాళ్ళు. మీరు రోజూ కూలిపోతున్నా కెప్టెన్ అనేవాళ్ళు. మౌస్ పట్టుకున్నదాన్ని ఎవరూ కెప్టెన్ అనరు. మిమ్మల్ని చూస్తే ఒళ్ళు మండిపోయేది."

ఏడాదిగా తనొక్కడే మండిపోతున్నాననుకున్నాడు సోబరి. ఆ మాట వినగానే ఏదో చల్లటిది కడుపులోకి దిగింది. ఇంకొంచెం కావాలనిపించింది.

"ఎంత మండేది?" అన్నాడు మెల్లగా.

యుయున్ చొక్కా మడతపెట్టి చేతికిచ్చింది. "మీ చొక్కా వచ్చిన ప్రతిసారీ, చంకలో రెండు కుట్లు తక్కువ వేసేదాన్ని."

సోబరి అంగడి దిగి, ఆ రోజు చుట్టు తిరగకుండా ద్వారం కిందనుంచే, చొక్కా తిరగేసి చంకలో కుట్లు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. ఈసారి అన్నీ ఉన్నాయి. అది చూసి అతని మొహం ఎందుకో చిన్నబోయింది.