దాచిపెట్టిన ఫిజిక్స్ పట్టా

ఇక్సాన్ బజారులో నాది సముద్రపు నాచు అమ్మే అంగడి. పక్కది బాన్ అనే ఆవిడది. భర్త పోయాక ఆవిడ ఒక్కతే చేప వడలు వేయించి అమ్మి ఇద్దరు ఆడపిల్లల్ని పెంచింది. పెద్దది సొల్హీ, చిన్నది దాజొంగ్. ఇద్దరూ నా కళ్ల ముందే ఎదిగారు.

సొల్హీకి ఫిజిక్స్ పిచ్చి ఎక్కడ పట్టుకుందో మాకెవరికీ తెలియదు. మూకుడు దగ్గర నిలబడి, వడ వేయగానే నూనెలో బుడగలు అలా ఎందుకు లేస్తాయని అడిగేది. వేగుతోంది గనక, అనేది తల్లి. ఆ జవాబు ఆ పిల్లకు సరిపోయేది కాదు.

యూనివర్సిటీలో చేరేటప్పుడు బజారంతా నర్సింగ్ చదివించమంది. నేనూ అన్నాను. తల్లి వినలేదు. చదువుకు సర్కారిచ్చే అప్పు పిల్ల పేరునే రాస్తారు, తీర్చేదీ పిల్లే, ఇష్టమైంది చదువుకోనీ అంది. ఆ అప్పు కూడా వినడానికి ఎంతో మెత్తగా ఉంటుంది. చదివినంత కాలం ఎవరూ అడగరు. ఉద్యోగం వచ్చి, జీతం ఒక గీత దాటాకే అందులోంచి కోత మొదలవుతుంది. ఫీజులకే నాలుగేళ్లకు మూడు కోట్ల వాన్‌ల పైన తేలింది, గది అద్దె తల్లి పంపేది. చిన్నది దాజొంగ్ మాత్రం సాంకేతిక హైస్కూల్లో చేరి, పంతొమ్మిదో ఏటనే ఛొంగ్‌జులో కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీకి వెళ్లిపోయింది. ఆ పిల్లకు చదువు మీద మనసు లేదని అందరం అనుకున్నాం.

సొల్హీ రెండో ఏడాదిలో ఉండగా యూనివర్సిటీ వాళ్లు ఫిజిక్స్ విభాగాన్ని ఎత్తేస్తామన్నారు. చేరే పిల్లలు లేరట. ఉన్నవాళ్లు వేరే విభాగానికి మారిపోవచ్చన్నారు. కుక్ అనే ముసలి ప్రొఫెసరు పిల్లల్ని పిలిచి, మారిపోండి, నేనేమీ అనుకోను అని తనే చెప్పాడట. అందరూ మారారు. సొల్హీ, ఇంకో ఇద్దరు మగపిల్లలు మిగిలారు. వాళ్ల లాబ్‌ను బ్యాటరీల విభాగం తీసేసుకుంది. ఆఫీసు పక్కన ఇరుకు గదిలో, ఆ ముగ్గురికీ ఆయన ఒక్కడే పాఠాలు చెప్పాడు. తన బతుకులో అంత మంచి రోజులు మళ్లీ రాలేదని సొల్హీ ఒకసారి నాతో అంది. ఆ ముఖం చూసి, నర్సింగ్ మాట మళ్లీ ఎత్తలేకపోయాను.

పట్టా వచ్చింది. ఉద్యోగం రాలేదు. పరిశోధనశాలలు పైచదువు అడిగాయి. కంపెనీలు ఇంజనీర్లను అడిగాయి. ఒక చోట ఇంటర్వ్యూలో, ఆ విభాగం ఇప్పుడు లేదు కదా, మీ సంగతి ఎవరినడిగి తెలుసుకోవాలి అని నవ్వారట. చివరికి ట్యూషన్ సెంటర్లో చిన్న పిల్లలకు సైన్సు చెప్పింది. జీతం గీతకు ఇవతలే ఉండిపోయింది, కోత లేదు. వడ్డీ మాత్రం దాని పని అది చేసుకుపోయింది. ఊళ్లో పిల్లలు తగ్గి ఆ సెంటరూ మూతపడింది.

అప్పుడు దాజొంగ్ దారి చూపించింది. ఫ్యాక్టరీలో మెషీన్ల దగ్గరకు మనుషుల్ని తీసుకుంటున్నారు, హైస్కూలు దాకా మాత్రమే చదివినవాళ్లు కావాలి. పట్టా ఉన్నవాళ్లు నిలవరని తీసుకోరు. కాబట్టి యూనివర్సిటీ సంగతి ఎత్తొద్దంది. మరి ఆ నాలుగేళ్లు ఏం చేశానని చెప్పాలి అని సొల్హీ అడిగింది.

"నా దగ్గర వడలు వేయించానని చెప్పు. ఎవరైనా అడిగితే నేనూ సాక్ష్యం చెబుతాను," అంది తల్లి. తనే నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదు.

చెల్లెలి మాట సాయంతో ఉద్యోగం దొరికింది. జీతం ట్యూషన్ సెంటరు జీతానికి రెట్టింపు. కళ్లు తప్ప ఏమీ కనపడని తెల్ల దుస్తుల్లో అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే వరుసలో పనిచేశారు. అక్కడ దాజొంగ్ పెద్ద. "సొల్హీ గారూ, ఆ ట్రే ఇటు తెండి" అని అనేది. గదికి వచ్చాక మళ్లీ అక్కా అనేది. కొత్తవాళ్లకు శిక్షణలో, మెషీను లోపల వెలిగే ఊదా కాంతి ఏమిటో ఒకాయన తప్పుల తడకగా వివరిస్తుంటే, మొదటిసారి వింటున్నట్టు సొల్హీ తలాడించిందట. ఈ సంగతి నాకు చెప్పినప్పుడు మాత్రం ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

జీతం గీత దాటింది. మరుసటి ఏడాది కోయాల్సిన సొమ్మంతా ముందే ఒకేసారి కట్టేస్తే కంపెనీకి కబురు వెళ్లదు. అది తెలిసే డబ్బు కూడబెట్టుకుంది. కానీ ఆ చలికాలం తల్లికి మోకాలి ఆపరేషన్ చేయించాల్సి వచ్చింది. దాజొంగ్ తన వాటా తెచ్చి పెట్టింది. చెల్లెలు పెట్టి తను పెట్టకుండా ఉండటం సొల్హీ వల్ల కాలేదు. డబ్బు అటు పోయింది. జీతంలోంచి విద్యా రుణం కోయమని పన్నుల ఆఫీసు కంపెనీకి రాసింది.

జీతాల గుమాస్తా సా అనే అతను పిలిపించాడు.

"హైస్కూలు చదువుకి ఎవరూ ఇంత అప్పివ్వరు కదండీ. ఏం చదివారు?"

"ఫిజిక్స్."

అతను ఆ కాగితం మడిచి పక్కన పెట్టాడట.

"ఇక్కడ పనికొచ్చే చదువే," అన్నాడు. "కానీ ఆ చదువున్నవాళ్లు వచ్చే గుమ్మం వేరే. అందులోంచి మిమ్మల్ని రానివ్వరు. మీరేమో ఇందులోంచి వచ్చేశారు. మీరే రాజీనామా ఇచ్చేయండి. తీసేశామని రాయించకుండా చూస్తాను."

ఇచ్చేసింది. మాట సాయం చేసిన పాపానికి ఆ ఏడు దాజొంగ్‌కు రావలసిన పై పోస్టు ఆగిపోయింది.

ఇద్దరూ ఆ వారం ఇంటికొచ్చారు. అంగడి తలుపు సగం దించి తల్లి మూకుడు కడుగుతోంది. నేను ఇవతల నాచు కట్టలు సర్దుతున్నాను. గొంతులు వినపడుతూనే ఉన్నాయి.

"నాకు చెప్పాల్సింది. ఆ డబ్బు నేను కట్టేదాన్ని," అంది చిన్నది.

"నీ దగ్గర ఎన్నని తీసుకోమంటావే? ఉద్యోగం నువ్విప్పించిందే, ఉన్న గదీ నీదే."

"సరే, ఒకటడుగుతాను చెప్పు. మళ్లీ మొదట్నుంచీ అయితే ఏం చదువుతావు?"

సొల్హీ అబద్ధమాడి ఉంటే బాగుండేది.

"అదే చదువుతాను."

"అంటే నేను మళ్లీ పంతొమ్మిదేళ్లకే ఫ్యాక్టరీకి పోవాలన్నమాట," అంది దాజొంగ్. "నాకు చదువు మీద మనసు లేదని ఎవరు చెప్పారక్కా నీకు? ఇద్దరికీ గది అద్దెలు ఎక్కడ్నుంచి వస్తాయని అమ్మ అడిగింది. నువ్వప్పటికే చేరిపోయావు."

మూకుడు తోముతున్న చప్పుడు ఆగిపోయింది. సొల్హీ అప్పటిదాకా తన చదువు ఖరీదు అప్పు కాగితంలో రాసినంతే అనుకుంది. మేమందరం అంతే అనుకున్నాం.

మర్నాడు పొద్దున్నే చిన్నది వెళ్లిపోయింది. అప్పటినుంచి తల్లికి ఫోన్ చేస్తుంది, అక్క ఊసెత్తదు. సొల్హీ ఇప్పుడు పార్సిళ్ల గోదాములో పెట్టెలు వేరుచేస్తోంది. జీతం మళ్లీ గీతకు ఇవతలే. అప్పు తరిగింది లేదు. మధ్యాహ్నం అంగడికొచ్చి, మోకాలి నొప్పితో నిలబడలేని తల్లిని కూర్చోబెట్టి తనే వేయిస్తుంది. వారానికోసారి ఛొంగ్‌జులో చెల్లెలికి వడలు పొట్లం కట్టి బస్సులో వేసి వస్తుంది. పంపేవాళ్ల పేరు దగ్గర తల్లి పేరు రాస్తుంది.