తాడుకు ఇవతల

మారథాన్ అన్న మాట వింటే నాకిప్పటికీ ఒళ్లు మంట. అందుకు కారణం ఒక ఆదివారం పొద్దున నా చేతికిచ్చిన నైలాన్ తాడు.

అప్పుడు నేను యూనివర్సిటీ హాస్టల్లో ఉండి పీహెచ్‌డీ చేస్తున్నాను. వాలంటీర్లు కావాలి, టీషర్టూ టిఫినూ ఇస్తామంటే వెళ్లాను. తార్నాక నుంచి పరుగెత్తుకొచ్చేవాళ్లు క్యాంపస్‌లోకి మళ్లేచోట నిలబెట్టారు. రోడ్డు పక్కన తాడు పట్టుకుని జనాన్ని దాటనివ్వకుండా ఆపడమే పని. తాడు రెండో కొస పట్టుకున్నాయన ఏదో కంపెనీలో మేనేజరు. ప్రతి ఏడూ పరుగెత్తేవాడట, ఈసారి మోకాలు నొప్పని సేవకొచ్చాడు. తెల్లారకముందే నాకు క్రమశిక్షణ గురించి క్లాసు పీకాడు.

అదే రోజు సర్కారు కొలువుల పరీక్ష. సెంటరేమో రోడ్డుకు అవతల ఉన్న కాలేజీలో. ఆ సంగతి మారథాన్ పెట్టినవాళ్లకు తెలియదంటే నేను నమ్మను. తెలుసు, పట్టలేదు, అంతే. పరీక్షకొచ్చినవాళ్లను చూడగానే పోల్చుకోవచ్చు. బూట్లు, వాచీలు రానివ్వరు కాబట్టి అందరి కాళ్లకూ చెప్పులే, చేతిలో హాల్ టికెట్టు. నిమిషం ఆలస్యమైతే గేటు మూసేస్తారు. నేనూ రాసినవాణ్నే. సందు దొరికినప్పుడల్లా తాడు దించి కొందరిని పంపించాం. తర్వాత పరుగువాళ్ల పెద్ద గుంపు మొదలైంది, ఇక సందు దొరకలేదు.

అప్పుడొచ్చింది ఒకామె, రొప్పుకుంటూ.

"అన్నా, గేటు మూస్తరు. జర పోనియ్యి."

నేను తాడు దించబోయాను. మేనేజరు బిగించి లాగాడు.

"ఆగమ్మా. వాళ్లు ఆర్నెల్లు ట్రైనింగ్ చేసి వచ్చారు. టైమింగ్ పోతుంది."

"నేను నాలుగేండ్ల సంది చదువుతున్న సార్. వయసు గూడ అయిపోతున్నది. నాకిదే లాస్టు."

"ముందే బయల్దేరాల్సింది."

"బస్సులు మీరే బంద్ పెట్టిస్తిరి గద. లాలాగూడ కాడ్నుంచి నడుసుకుంట వస్తున్న."

ఆయన పరుగువాళ్ల వైపు తిరిగాడు. తాడు మాత్రం వదల్లేదు. నాకు తిక్క రేగింది. నా కొస రోడ్డు మీద పారేశాను. ఆమె ఉరికింది. ఆమెకు తగలకుండా ఆగాల్సి వచ్చిన ఒక పరుగువీరుడు నన్ను ఇంగ్లీషులో తిట్టాడు. నేను తెలుగులో తిట్టాను. ఆమె చెప్పు ఒకటి రోడ్డు నడుమ ఉండిపోయింది, వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

కాసేపటికి మారథాన్ తాలూకు మనిషొకడు వచ్చి నా మెడలో కార్డు తీసేసుకున్నాడు. నీలాంటివాళ్ల వల్లే పేరు పోతుందన్నాడు. పొమ్మన్నా పోలేదు. ఆ చెప్పు తెచ్చి పక్కన పెట్టుకుని కూర్చున్నాను.

చాలాసేపటికి ఆమె ఒంటి చెప్పుతో నడిచొచ్చింది. పరీక్ష వదిలే టైము ఇంకా కాలేదు. హాల్ టికెట్టు నాలుగు మడతలై పిడికిట్లో ఉంది. చెప్పు ముందు పెడితే వేసుకుంది.

రోడ్డు దాదాపు ఖాళీ అయింది. బాగా వెనకబడ్డ ఇద్దరు ముగ్గురు సెల్ఫీలు తీసుకుంటూ నడిచొస్తున్నారు. మేనేజరు వాళ్లకు చప్పట్లు కొడుతున్నాడు. పరవాలేదు, నిదానంగా రండి, మెడల్ ఎక్కడికీ పోదు అంటున్నాడు.

ఆమె వాళ్లనే చూస్తూ అడిగింది.

"వీళ్లకు గేటు ముయ్యరా అన్నా?"

ముయ్యరన్నాను.