కరిగిపోతుంది గారి రెండో ముక్క

మా ల్యాబు పెద్ద డాక్టరుగారికి ఈ లోకంలో నిలిచేదంటూ ఏదీ కనిపించదు. చేతిలో పంచదార పెట్టినా, పెళ్ళి శుభలేఖ పెట్టినా ఒకటే మాట: "కరిగిపోతుంది." చాటున మేం ఆయనకు పెట్టుకున్న పేరూ అదే.

అసలే కిటికీలేని నేలమాళిగ. బయట ఎడతెగని ముసురు. దానికి తోడు ఆయన మొహం! ఒకటి ఎలాగూ పోతుందని రెండు గొడుగులు తెచ్చుకునేవారు. రోగుల ఒంట్లోంచి తీసి పరీక్షకు పంపిన ప్రతి ముక్కలోనూ కాస్త కోసి ఫ్రీజర్లో దాచేవారు. దాని తలుపు పడాలంటే నేను భుజంతో నెట్టాల్సిందే.

"ఎందుకు సార్ ఈ చాదస్తం?"

"మిషన్లో వేస్తే ఆల్కహాలు కొవ్వునంతా కడిగేస్తుందమ్మా. ఆ తర్వాత కొవ్వు కనబడాలంటే ఏ రంగు వేసి ఏడవను?"

ఒకసారి బట్టలు కుట్టే అమ్మాయి కండముక్క వచ్చింది. చేతులు సత్తువ తప్పి కత్తెర పట్టలేకపోతోందట. కండలో కొవ్వు పేరుకుని ఉంటే మందుంది. లేకపోతే లేదు. ఆ ముక్కను ఎవరో మామూలు ముక్కలతో కలిపి మిషన్లో పడేశారు. పొద్దున చూస్తే కండనిండా ఖాళీ చిల్లులు. అక్కడ ఉండేది కొవ్వో, నీళ్ళో దేవుడికే తెలియాలి.

"మళ్ళీ కోస్తారా బాబూ? దానికింక ఓపిక లేదు," తల్లి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

డాక్టరుగారు "కరిగిపోతుందని చెప్పలేదూ?" అంటూ, కొంచెం సంతోషంగానే, ఫ్రీజరు తెరిచి రెండో ముక్క తీశారు.

"సుడాన్ బ్లాక్ రంగు వేద్దామా సార్? అది దేన్నీ వదలదు."

"అదే దాని రోగం. కొవ్వుతోపాటు ప్రతి పొరనీ పట్టుకుంటుంది. మనక్కావలసింది చుక్కలు. ఎర్ర రంగు, ఆ ఆయిల్ రెడ్ తియ్యమ్మా." తర్వాత గొంతు తగ్గించి, "ఆవిడకీ చూపించాలిగా. నల్లటి మచ్చలు చూస్తే హడలిపోతుంది," అన్నారు.

మైక్రోస్కోపులో కండనిండా ఎర్రటి చుక్కలే. ఆయన తల్లికి స్టూలు జరిపి చూపించారు. "ఇదిగో, కొవ్వు. దీనికి మందుందమ్మా."

ఆవిడ ఏడుస్తూ బయల్దేరుతుంటే, కుట్టూడిన రెండో గొడుగు చేతిలో పెట్టారు. "ఉంచుకోండి. ఎలాగూ తిరిగిరాదు."

ముసురు వెలిసి చాలా రోజులయ్యాక ఆ అమ్మాయే వచ్చింది. చెయ్యి పైకెత్తి గొడుగు విప్పి చూపించింది. ఊడిన కుట్టు తనే వేసింది.

ఆయన కుట్టును లాగి చూశారు. మేమంతా ఆ మాట కోసం కాచుకున్నాం. నోరు తెరిచారు, మూశారు.

"నిలుస్తుందిలే," అన్నారు, కాస్త దిగులుగా.