గుడ్ల అట్టల గది

నాందేడ్‌లో చప్పుడు లేని ఒక్క అరగంట కోసం నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. మా ఇల్లు మొండాకు ఆనుకుని ఉండేది. మొండా అంటే ధాన్యం, మిర్చి, పత్తి టోకున అమ్మే బజారు. తెల్లవారకముందే ఎడ్లబండ్లు, ఆ తర్వాత లారీలు, వాటి వెనక హమాలీల కేకలు. మిల్లు సైరను ఒకటి, స్టేషన్ నుంచి రైలు కూత ఒకటి. ఏ పండగ వచ్చినా వీధి మలుపులో లౌడ్‌స్పీకర్లు. అక్కడే పుట్టి పెరిగినవాణ్ని కనుక ముప్పై దాటేదాకా నాకవేవీ చప్పుళ్ళుగా తోచలేదు. ఎనభయ్యో దశకం మొదట్లో బొంబాయి నుంచి ఒక టేప్ రికార్డర్, దానికో మైకు తెప్పించుకున్నాకే, మేమెంత గోలలో బతుకుతున్నామో అర్థమైంది.

నాకు హార్మోనియం పిచ్చి. మేడ మీది చిన్న గదిని పాటలు రికార్డు చేసే గదిగా మార్చాలని ఎప్పటినుంచో ఉండేది. మొండాలో మా టోకు దుకాణం ఉండేది, దాని గల్లాపెట్టె మా అన్న చేతిలో. దీనికోసం దమ్మిడీ తీయనని ఆయన ముందే చెప్పేశాడు. అందుకని ఆ ఆలోచన అటకమీదే ఉండిపోయింది. దాన్ని కిందికి దించింది మా మేనత్త గొంతు.

మేనత్త చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. మా అమ్మ పోయాక మమ్మల్ని పెంచిందీ ఆమే. మా తెలుగు వ్యాపారుల ఇళ్ళలో ఏ పెళ్ళి జరిగినా ఆమె పాట ఉండి తీరాలి. ఆమె మాత్రం పందిట్లో ఉండకూడదు. ముత్తైదువుల మధ్య ఆమెకు చోటు లేదు. పక్క గదిలో తలుపు వెనక కూర్చుని పాడేది. నలుగుకు ఒకటి, బంతికి ఒకటి, అప్పగింతలకు ఒకటి. అలా గోడ అవతలి నుంచి పాడీ పాడీ ఆ గొంతుకు గోడలు దాటడం అలవాటైపోయింది. పందిట్లో సన్నాయి మోగుతున్నా ఆమె పాటలో ఒక్క మాట జారేది కాదు. మావాళ్ళ పద్ధతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆమె మాత్రం ఒక్కనాడూ ఏమీ అనలేదు.

ఒక చలికాలం ఆ గొంతు బొంగురుపోయింది. కషాయాలు తాగినా తగ్గలేదు. చివరికి హైదరాబాద్ తీసుకెళ్ళాం. గొంతులో చిన్న గడ్డ ఉందన్నారు. ప్రాణానికి భయం లేదు, ఎండాకాలం పోయాక కోసి తీసేద్దాం అన్నారు. అప్పటిదాకా పెళ్ళిళ్ళలో పాడవద్దు, ఇంట్లో ఎప్పుడైనా మెల్లగా ఒక పాట పాడుకుంటే పరవాలేదు అన్నారు. కోశాక పాట వస్తుందా అని అడిగితే, మాట వస్తుంది అని జవాబిచ్చాడు డాక్టరు. నేను మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే జవాబు.

ఆ పాటల మాటలు ఇంకా ఒకరిద్దరు ముసలివాళ్ళకు వచ్చు. వరుసలు మాత్రం ఆమెతోనే ఉన్నాయి. మా పిల్లలు మరాఠీ బడికి పోయేవాళ్ళు, ఇంట్లో తెలుగు మాట్లాడినా ఆ పాటల్లో సగం మాటలకు వాళ్ళ నోరు తిరిగేది కాదు. కనుక ఎండాకాలం పోయేలోగా ఆ వరుసలన్నీ టేపు మీదికి ఎక్కించాలి. ఇంత చిన్న పని! ఇంట్లో మనిషి, ఇంట్లో మైకు, ఇంట్లో గది. అడ్డం వచ్చేదేముందిలే అనుకున్నాను.

నాకొక మరాఠీ మిత్రుడు ఉండేవాడు. పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో ఆర్గన్ వాయించేవాడు, పూనాలో ఎప్పుడో ఒక స్టూడియో లోపలికి వెళ్ళి వచ్చాడు. ఆ ఒక్కసారి వెళ్ళి రావడంతోనే అతనికి సర్వం తెలిసిపోయింది. వచ్చి గదంతా తిరిగి, చప్పట్లు కొట్టి చూసి, గోడలు మోగుతున్నాయని తేల్చాడు. డబ్బు లేకుండా దారి చెప్పమంటే, "అండ్యాంచే ట్రే లావ్, బస్" అన్నాడు. గుడ్లు పేర్చి అమ్ముతారే, ఆ గుంతల గుంతల అట్టలు. అవి గోడలకు అతికిస్తే చప్పుడు చచ్చిపోతుందట. స్టేషన్ దగ్గర ఆమ్లెట్ బండ్లవాళ్ళు వాటిని ఊరికే పారేస్తారట.

మా ఇంట్లో ఉల్లిపాయ తరగడానికే వేరే కత్తి ఉండేది. ఇక గుడ్డు మాట ఎత్తితే నోరు కడుక్కోవలసిందే. ఆ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా అట్టే కదా, గుడ్డు కాదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అట్టల్ని గోనెసంచుల్లో కుక్కి, పైన ఇంత జొన్నచొప్ప కప్పి, దొంగసరుకులా మేడెక్కించాను. మా ఆవిడ చూసింది. మీ అత్త సంగతి మీరే చూసుకోండి, నాకేమీ తెలియదు అని లోపలికి పోయింది.

మైదాపిండి ఉడికించి ఆ జిగురుతో అతికించాను. పొద్దున్నకల్లా సగం రాలి పడ్డాయి. మిగతా సగాన్ని ఎలుకలు కొరికాయి. మళ్ళీ అతికించి మేకులు కొట్టాను. ఎవరూ గుర్తుపట్టకుండా నీలం సున్నం పూశాను. తలుపు చౌకట్టు చుట్టూ పాత సైకిల్ ట్యూబులు కోసి బిగించాను. తలుపు వేస్తే గాలి కూడా దూరకూడదని నా పంతం. అంతా అయ్యాక గది మధ్యలో మైకు నిలబెట్టి, టేపు తిప్పి, తలుపు తీసి ఒకసారి వేసి ఒకసారి చప్పట్లు కొట్టి చూసుకుంటున్నాను. తలుపు తీసి ఉన్నప్పుడే మేనత్త మెట్లెక్కి వచ్చింది. గడప దగ్గర ఆగి గోడల్ని ఒక చూపు చూసింది.

"ఏందిరా ఇవి?"

కాగితం గిన్నెలని, పూనా నుంచి తెప్పించానని చెప్పాను. ఆమె చూపు ఒక్కచోట ఆగిపోయింది. అక్కడ ఒక గుంతలో చిన్న గుడ్డుపెంకు అంటుకుని ఉంది. దాని మీద కూడా నేను శ్రద్ధగా నీలం పూశాను.

తర్వాత పడ్డ తిట్లు మామూలువి కావు. ఆ గది సరిగ్గా మా దేవుని అర్ర మీద ఉండేది. ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టనే లేదు. "దేవుని నెత్తిమీదికేనా నీకు గుడ్ల అట్టలు దొరికినయి? మీ తాత కట్టిన ఇల్లురా ఇది, ఆమ్లెట్ బండి గాదు. నీలం రంగు ఏస్తే నాకు తెల్వదనుకున్నవా? ఓ పిల్లా, జర పైకి రా, నీ మొగడు జేసిన పని సూడు!" ఆ చివరి కేక కింద ఉన్న మా ఆవిడకు. ఆమె వంటింట్లోనే ఉంది. వినబడనట్టు ఊరుకుంది. మేనత్త గడప దాటలేదు. ఆ అట్టలు ఉన్నంతవరకు ఆ గదిలో కాలు పెట్టనని చెప్పి దిగిపోయింది.

నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఎవరి కోసం చేస్తున్నాను ఇదంతా? అయినా పీకేశాను. పీకుతుంటే గోడల పెళ్ళలు కూడా ఊడి వచ్చాయి. అప్పుడు తీరిగ్గా వచ్చాడు నా మిత్రుడు. ఈ అట్టలు లోపలి మోతను తగ్గిస్తాయి గాని బయటి చప్పుడు ఆపవులే అన్నాడు. ఆ ముక్క ముందే చెబితే నీ సొమ్మేం పోయిందయ్యా అని అడిగితే, నువ్వు అడగలేదు కదా అన్నాడు. అతణ్ని ఏం చేసినా పాపం లేదు.

తర్వాత గోనెసంచులు కట్టాను. మా దుకాణంలో వాటికి కరువు లేదు. దులిపినవే తెమ్మంటే హమాలీ తెచ్చిచ్చాడు. గోడల నిండా కట్టి, తలుపు మూసి, నేను హార్మోనియం తిత్తి రెండుసార్లు ఊపానో లేదో, నాకూ నా మిత్రుడికీ కళ్ళూ ముక్కూ ఏకమయ్యాయి. అవి మిర్చి సంచులు. గొంతు దెబ్బతిన్న మనిషిని కూర్చోబెట్టవలసిన గది అది. ఆమె ఇంకా పైకి రాకముందే తెలిసింది కనుక బతికిపోయాం. ఆ సంచులు విప్పి కిందికి మోస్తున్నంతసేపు తుమ్ములే.

చివరికి ఇంట్లో ఉన్న బొంతలు, పరుపులు అన్నీ మేడెక్కాయి. పాత చీరలతో మేనత్తే కుట్టిన బొంతలు గోడలకు వేలాడదీశాను. కిటికీకి పరుపు అడ్డం పెట్టాను. ఈసారి ఆమెకు అభ్యంతరం లేదు. వచ్చి, మైకు ముందు చాప మీద కూర్చుంది. నాందేడ్ ఎండ మీకు తెలియదేమో. తలుపు బిగించి, చప్పుడవుతుందని ఫ్యాను ఆపేస్తే ఆ గది పొయ్యి మీద మూకుడు. చెమట కారుతుంటే కొంగుతో తుడుచుకుంటూ నలుగు పాట ఎత్తుకుంది. ఒక చరణం సగంలో ఉండగా మిల్లు సైరను మోగింది. బొంతలూ పరుపులూ దాన్ని ఏమీ ఆపలేదు. ఆమె ఆగిపోయింది.

మళ్ళీ కూర్చోబెట్టాను. సైరను లేని వేళ చూసుకున్నాను. అప్పుడు కరెంటు పోయింది. ఇంకోసారి అన్నీ సరిగ్గా ఉన్నాయి, ఆమె గొంతే సరిగ్గా లేదు. ఎప్పుడూ లేనిది గట్టిగా లాగుతోంది, అరుస్తున్నట్టు. మెల్లగా పాడమంటే వినదు. ఎందుకలా అని విసుక్కున్నాను.

"నా గొంతు నాకే ఇనవడ్తలేదురా. ఈ బొంతలు తింటున్నయి."

అది నిజమే. అన్ని బొంతల మధ్య పాట తిరిగి చెవికి చేరదు, పాడేవాళ్ళు తెలియకుండానే గొంతు పెంచుతారు. ఆమెకు ఒక ఉపాయం తోచింది. తలుపు తెరిచి, మైకు లోపలే ఉంచమంది. తను గడప అవతల మెట్ల మీద కూర్చుని పాడతానంది, పెళ్ళిళ్ళలో పాడినట్టే. నేను ఒప్పుకోలేదు. మెట్ల మీద అయితే ఇంక ఈ గది ఎందుకు? లారీల మోతంతా టేపు మీదికి ఎక్కుతుంది. ఆ మాట మీద ఇద్దరం పంతానికి పోయాం. ఇప్పుడు అడిగినా అదే అంటాను, మెట్ల మీద రికార్డు చేస్తే చప్పుళ్ళు పడతాయి. పడవని ఎవరైనా అంటే వచ్చి చూపించమనండి.

వారం తిరక్కుండా ఆమె గొంతు పూర్తిగా బిగుసుకుపోయింది. ఎండాకాలం పోయేదాకా ఆగలేదు. ముందే హైదరాబాద్ తీసుకెళ్ళి కోయించాం. డాక్టరు అబద్ధం చెప్పలేదు, మాట వచ్చింది. మాట అంటే గాలి. దగ్గర కూర్చుని చెవి ఒగ్గితే తెలుస్తుంది. పాటల మాటలు అడిగితే ఆ గాలితోనే ఓపికగా చెప్పేది, మా ఆవిడ రాసుకునేది. వరుస ఏదని అడిగితే చెయ్యి పైకీ కిందికీ ఊపి చూపించేది. ఆ చెయ్యి చూసి ఏ వరుస పట్టుకోవాలి?

ఆ కోపంలో ఒక మధ్యాహ్నం ఉన్న టేపులన్నీ ముందేసుకుని కూర్చున్నాను, ఏమైనా మిగిలిందా అని. ఒకదాంట్లో సగం చరణం, దాని మీద సైరను. ఒకదాంట్లో ఆ అరుపులాంటి పాట, అది ఆమె గొంతే కాదు. ఇంకొకదాంట్లో చప్పట్లు. అవి నావే. చప్పట్ల తర్వాత, ఉన్నట్టుండి, "ఏందిరా ఇవి?"

ఒక్క లారీ లేదు, సైరను లేదు. గడప అవతల నిలబడి తిట్టిన తిట్లు మాటమాటా కడిగిన ముత్యాల్లా పడ్డాయి. బొంగురు కూడా లేదు. కోపం వస్తే ఆ గొంతుకు జబ్బు కూడా అడ్డం రాలేదన్నమాట. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. అంత ఎండలో పాట కోసం చచ్చీచెడీ గది కడితే, ఆ గది పట్టుకున్నది నేను తిన్న తిట్లు.

ఆమెకు చెప్పకుండా ఉండవలసింది, చెప్పాను. మెల్లగా మెట్లెక్కి వచ్చింది. పిలవకుండానే గడప దాటి మైకు పక్కన కూర్చుంది. అలవాటు కొద్దీ తలుపు బిగించి టేపు పెట్టాను. అంతా విని, చెయ్యితో ఇంకోసారి అని సైగ చేసింది. రెండోసారి సగంలో ఆపించి నా చెవి దగ్గరికి వంగింది.

"తలుపు తెరువు. కిందికి ఇనవడాలె."

సైకిల్ ట్యూబులు ఎండకు మెత్తబడి, ఆ కాసేపటికే తలుపు చౌకట్టుకు అతుక్కుపోయింది. భుజం పెట్టి తోస్తే పటపటా ఊడి వచ్చింది. శబ్దం పెంచే గుండీ చివరిదాకా తిప్పి టేపు మొదటినుంచి పెట్టాను. తాత కట్టిన ఇల్లు, ఆమ్లెట్ బండి, నీలం రంగు, అన్నీ మెట్లు దిగి కిందికి పోయాయి. చివర, "ఓ పిల్లా, జర పైకి రా" అన్న కేక కూడా పోయింది.

వంటింట్లో గిన్నె కింద పెట్టిన చప్పుడు వినబడింది. "అస్తున్న అత్తమ్మా" అంటూ మా ఆవిడ మెట్లెక్కింది.