రాణివేషానికి వచ్చిన పొగడ్త

తనను పొగిడే మనిషి ఎదురైతే సూరాయమ్మ ముందు చూసేది అతని చేతుల వైపు. ఏం అడగబోతున్నాడో నోటికంటే ముందు చేతులు చెప్తాయని ఆమె నమ్మకం. 1990 సెప్టెంబరులో, కువైట్‌లోని రిగ్గైలో ఒక స్కూలు వరండాలో, అమ్మాన్ పోయే బస్సుకు పేరు రాయించుకునే వరుసలో ఆమె నిలబడి ఉండగా ఒక నడివయసు మనిషి ఎదురొచ్చి ఆగాడు.

"నువ్వు రాణివేషం సూరాయమ్మక్కవు కదూ? నీ గొంతుకు సమానమైన గొంతు మా పొద్దుటూరు పక్క ఇంకోటి లేదు."

ఆమె చూపు అతని చేతుల మీదికే పోయింది. రెండూ ఖాళీగా ఉన్నాయి. ఖాళీ చేతులే ఆమెను ఎక్కువ భయపెట్టాయి.

"ఎవురయ్యా నువ్వు? నా పేరు వెంకటేశ్వరి" అంది గట్టిగా, నలుగురికీ వినబడేట్టు.

గట్టిగా అనాల్సిన అవసరం ఆమెకుంది. ఆగస్టు రెండున ఇరాక్ ట్యాంకులు ఊళ్లోకి వచ్చాక, రుమైథియాలో ఆమె పనిచేసే ఇంటి మామా, అంటే యజమానురాలు, పిల్లలతో కారెక్కి సౌదీ దారి పట్టింది. సూరాయమ్మ పాస్‌పోర్టు, వీసా ఇప్పించిన ఆ ఇంటి యజమాని కఫీల్ ఇనప్పెట్టెలోనే ఉండిపోయింది. తొమ్మిదో రోజు సైనికులు ఆ ఇంట్లో దిగితే, ఆమె వెనక గేటు గుండా కట్టుబట్టలతో బయటపడింది. రిగ్గైలో ఒకే గదిలో కాపురముంటున్న రాయచోటి మనిషి జుబేదా బీ చోటిచ్చింది. ఇప్పుడు బస్సెక్కాలంటే, పాస్‌పోర్టు లేనివాళ్లు తాము ఇండియా వాళ్లమేనని చెప్పే కాగితమేదైనా చూపాలి, తమను సొంతూరి పక్క ఎరిగిన, పాస్‌పోర్టు ఉన్న సాక్షిని ఒకరిని తేవాలి. పేర్లు రాసుకునే మలయాళీ పెద్దమనిషికి తెలుగు రాదు. ముందు రోజు వరుసలో ఒకామె కాగితం లేక, బోరున ఏడ్చి కూడా వెనక్కి పోయింది.

సూరాయమ్మ దగ్గర కాగితం ఒకటుంది. రవిక లోపల, ప్లాస్టిక్ సంచిలో. అది తీయడానికే ఆమెకు ధైర్యం చాలడం లేదు. ఆ కాగితంలో ఉన్న పేరు వేరు, పాస్‌పోర్టులో ఉన్న పేరు వేరు. నాటకాల మనిషని తెలిస్తే ఇంటిపనికి ఎవరు పెట్టుకుంటారని, ఆరేళ్ల కిందట చిన్నాయన కూతురి రేషను కార్డు మీద వెంకటేశ్వరిగా వచ్చిందామె.

యుద్ధం వచ్చిన ఊరిని వదిలిపోయే మనుషులు ఏమేం మోసుకుపోతారన్నది లోకంలో ఇంతవరకూ ఎవరికీ అంతుబట్టని సంగతి. ఆ వరుసలోనే ఒకాయన చంకలో గోడగడియారం ఉంది. ఇంకొకాయన టేబుల్ ఫ్యాను రెక్కలు మాత్రం పట్టుకున్నాడు, ఫ్యాను ఎక్కడో పడేసి. తనను ముంచిన కాగితాన్నే రవికలో దాచుకుని తిరిగే సూరాయమ్మ వాళ్లందరికంటే వింత మనిషేమీ కాదు.

అదెట్లా ముంచిందో చెప్పాలంటే పొద్దుటూరు పక్క పల్లెల్లో నాటకం ఆడే పద్ధతి చెప్పాలి. మగవేషాలు ఊరి ఆసాములు కడతారు. హార్మోనియం మాస్టారును తెచ్చుకుని ఆరునెలలు పద్యాలు నేర్చుకుంటారు. ఆడవేషాలకు మాత్రం బయటినుంచి ఆర్టిస్టులను పిలుస్తారు. పిలిపించేది రాజువేషం కట్టే ఆసామి, కాబట్టి రాణి రాగం రాజు రాగం కంటే ఒక మెలిక తక్కువగా ఉండాలి. రాజు పద్యం మరిచిపోతే, జనానికి తెలియకుండా పైట చాటున అందించాలి. ఇవి ఎక్కడా రాసిపెట్టి లేవు గానీ ప్రతి ఆర్టిస్టుకూ తెలుసు. సూరాయమ్మకు ఇంకా బాగా తెలుసు. అయినా ఒకసారి, రాజూ రాణీ విడిపోయే ఘట్టంలో, ఆసామికి పద్యం సగంలో పోయింది. ఆమె అందించింది. అతనికి వినబడలేదు. మళ్లీ అందించింది. హార్మోనియం ఒక్కటే మోగుతోంది. ఇక ఉండబట్టలేక ఆ పద్యాన్ని తనే ఎత్తుకుని, ముగించింది. జనం లేచి వన్స్‌మోర్ అని అరిచారు.

అంతటితో పోయేదే. ఆసామి నవ్వి ఊరుకున్నాడు కూడా. వారం తర్వాత జిల్లా పేపర్లో ఫొటోతో సహా పడింది, రాజు మరిచిన పద్యాన్ని రాణి నిలబెట్టిందని. రవికలో ఉన్న కాగితం ఆ పేపరు ముక్కే. ఆ తర్వాత మూడేళ్లు ఆమెను ఒక్క ఊరూ పిలవలేదు. రాజు పద్యం లాక్కునే రాణిని డబ్బిచ్చి ఎవరు తెచ్చుకుంటారు?

"నన్ను మునీంద్ర అంటారక్కా" అంటున్నాడు వరండాలో ఎదురుగా నిలబడ్డ ఆ మనిషి. "ఇప్పుడు అహ్మదీలో కాంట్రాక్టరు దగ్గర స్టోరు చూస్తా. అప్పుట్లో పేపరుకు రాసేవాణ్ని. నీ గురించి రాసింది నేనే."

సూరాయమ్మకు కళ్లు ఎర్రబడ్డాయి.

"నువ్వా? నువ్వు రాసినందుకే నేనీడ ఉండాను. నీ పొగడ్త పున్యాన ఆరేండ్లు పరాయి ఇండ్లల్లో బాత్రూములు కడిగినా. ఇంగేం కావాల నీకు?"

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. మేలు చేశానని పదేళ్లుగా అనుకుంటున్న మనిషి. జేబు తట్టి చూపి, "నాకు పాస్‌పోర్టుండాదక్కా. సాక్షి సంతకం పెడతా" అన్నాడు.

తన చీటీ ముందే రాయించుకుని పక్కన నిలబడ్డ జుబేదా బీ సూరాయమ్మను మోచేత్తో పొడిచింది. "పెట్టనీ అక్కా! బస్సు పోతే ఈ పంతం తిని బతుకుతామా?"

ఊరికే సంతకం పెడతాడా? సాక్షిగా వచ్చి తానూ బస్సులో సీటు సంపాదించుకోడానికే ఈ ఎత్తు వేశాడేమో. బల్ల దగ్గరికి పోయాక రెండు పేర్ల సంగతి బయటపెట్టి, తర్వాత ఏదో ఒకటి అడుగుతాడేమో. ఆలోచన తెగకముందే వరుస కదిలి, ఆమె వంతు వచ్చేసింది. ఆమె పక్కకు తిరిగి కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

మలయాళీ పెద్దమనిషి కళ్లద్దాలు సర్దుకున్నాడు. ఫొటోలో కిరీటం, బుగ్గన చుక్క, మొహం నిండా అర్దలం రంగు. ఇదెవరైనా కావచ్చని హిందీలో అన్నాడు. ఏం రాసి ఉందో చదవమన్నాడు.

మునీంద్ర తన పాస్‌పోర్టు పక్కన పెట్టాడు. అచ్చులో అడుగున, రాసినవాడిగా ఉన్న తన పేరు ఇంగ్లీషులో రాసి చూపించి, పాస్‌పోర్టులో ఉన్న పేరుతో పోల్చుకోమన్నాడు. హిందీలో అర్థం చెప్పసాగాడు. సూరాయమ్మ వింటోంది. మామా ఇంట్లో వంటమనిషితో మాట్లాడీ మాట్లాడీ ఆమెకు హిందీ పట్టుబడింది. గొంతు గురించి చెప్పాడు, రాగం గురించి చెప్పాడు. రాజు పద్యం మరిచిన వాక్యం మాత్రం దాటేశాడు.

"ఇందులో పేరు సూరాయమ్మ అంటున్నావు. ఈమె వెంకటేశ్వరి అని రాయించింది" అన్నాడు పెద్దమనిషి.

సూరాయమ్మ వెనక్కి తీసుకోడానికి కాగితం అంచు పట్టుకుంది.

"అది స్టేజీ పేరు సార్" అన్నాడు మునీంద్ర, రెప్ప వాల్చకుండా. "ఆర్టిస్టులకు మామూలే."

అసలు పేరును స్టేజీ పేరు చేసి, అరువు పేరును అసలు చేశాడు. పెద్దమనిషి తలూపి వెంకటేశ్వరి అని రాసుకున్నాడు. పేపరు ముక్కను ఆ ఫారానికి పిన్ను కొట్టి, ముద్ర వేసిన చీటీ చేతికిచ్చాడు.

"యా అల్లా! ఇన్నాళ్లూ నా గిన్నెలు తోమింది రాణీనా?" అంది జుబేదా బీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. వెనకున్న ఆడవాళ్లు నవ్వారు. సూరాయమ్మ అనుకున్నంత చెడ్డ నవ్వు కాదది.

ఆమె మాత్రం బల్ల దగ్గరినుంచి కదల్లేదు.

"రాజు మరిచిన మాట ఏమిటికి మింగితివి?" అంది మునీంద్రతో.

"దానితోనే కదక్కా నీ అన్నం పోయింది."

"ఈడ రాజులెవురుండారు పోగొట్టేదానికి? చదువు. తెలుగులోనే చదువు."

పెద్దమనిషి విసుక్కుంటున్నా, మునీంద్ర వంగి, పిన్ను కింద మడతపడ్డ వరసను వేలితో తెరిచి చదివాడు. సూరాయమ్మ చివరిదాకా విని, చీటీ కొంగున ముడేసుకుంది.

బయట బస్సు ఇంజను వేసి ఉంది. డ్రైవరు యల్లా యల్లా అని తొందరపెడుతూ అరుస్తున్నాడు.

"నీది ఏ బస్సు?" అని అడిగింది మునీంద్రను.

"నాది అహ్మదీ వాళ్ల లిస్టులో ఉండాది. వచ్చే వారమేమో."

"మరి ఈ పొద్దు ఈడికేమిటికి వస్తివి?"

"ఈడ రొట్టె దొరుకుతాదని చెప్తే వచ్చినానక్కా. వచ్చేసరికి అయిపోయింది."

ఈసారి ఆమె చేతులు కాదు, అతని మొహం కేసి చూసింది. ఆ మాట నమ్మాలో లేదో తేల్చుకోలేకపోయింది. తేల్చుకోకుండానే బస్సెక్కి, ఆడవాళ్ల వరుసలో జుబేదా బీ పక్కన కూర్చుంది.