గమ్ము అత్తమ్మ

ఈ ఎడారి దేశానికొచ్చాక మేమున్న ఇంటర్నేషనల్ సిటీలో మా ఎదురు ఫ్లాటు అత్తమ్మది జగిత్యాల వైపు. బొంత కుట్టేటప్పుడు పాత చీరల పొరలు జరగకుండా అందరూ ముందు కచ్చాకుట్లు వేస్తారు. ఆవిడ మాత్రం నేలమీద కూర్చుని, పిల్లలు బడికి తీసుకెళ్లే తెల్ల గమ్ము రాసి, ఆరేదాకా అరచేత్తో అదిమేది. "ఉతికితే పోతది బిడ్డా" అనేది, నేను అడగకపోయినా.

పుట్టబోయే నా బిడ్డకోసం కుట్టిన బొంత ఆఖరి అంచు పూర్తిచేసి, చాయ్ పెడతానని లేచింది. బొంత కూడా లేచింది. పొరల మధ్య అంటుకున్న తన కొంగును చూసుకోకుండా కుట్టేసింది.

"నీళ్లు చల్లనా అత్తమ్మా?"

"గమ్మైతే నీళ్లకు పోతుండె. కుట్టు పోతదా?" అని నవ్వి, కత్తెరతో తన కొంగే కత్తిరించింది.

తొలి ఉతుకులోనే గమ్మంతా పోయింది. అత్తమ్మావాళ్లు ఇక్కడే వేరే ఊరు, ఫుజైరాకు మారిపోయారు. మా పాప మాత్రం ఇప్పటికీ ఆవిడ కొంగు పట్టుకునే నిద్రపోతుంది.